ఆఫీసుకి రమ్మంటున్నారు, ఏం చేద్దాం? తరచుగా అడిగే ప్రశ్నలు

పన్నెండేళ్ళుగా హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తున్నాను. మాది తణుకు పక్కన ఒక పల్లె. కోవిడ్‌లో ఫ్లాట్ ఖాళీ చేసి ఊరెళ్ళి రెండేళ్ళు అక్కడి నుంచే పని చేశాను, మళ్ళీ పిలిస్తే సామానంతా లారీకెక్కించుకుని నిజాంపేట వచ్చి పడ్డాను. ఇప్పుడు వారానికి మూడు రోజులు ఆఫీసు. అందుకని ఇంటి నుంచి పనా, ఆఫీసా అన్న తగువు గురించి టీమ్‌లో పిల్లలు, చుట్టాలు, లిఫ్టులో కలిసినవాళ్ళు అందరూ నన్నే అడుగుతుంటారు. చెప్పిందే చెప్పి నోరు నొప్పెడుతోంది, అందుకే ఒకచోట రాసి పెట్టేస్తున్నాను. కంపెనీ తరఫున కాదు, యూనియన్ తరఫున కాదు, నాకు తెలిసింది నాకు తోచినట్టు.

అక్కా, అసలు ఈ తగువు ఎక్కడ మొదలైంది?

2020 మార్చిలో. 22న జనతా కర్ఫ్యూ, 25 నుంచి లాక్‌డౌన్. సరిగ్గా ఆ ముందు రోజుల్లో మా ఆఫీసు బేస్‌మెంట్ చూడాల్సింది, సంతలా ఉండేది. సెక్యూరిటీ వాళ్ళు సంతకాలు పెట్టించుకుంటుంటే జనం మానిటర్లు, సీపీయూలు క్యాబుల్లోకి ఎక్కిస్తున్నారు. మా టీమ్‌లో ఒకతను సీపీయూకి దుప్పటి చుట్టి, బైకు ట్యాంకు మీద పసిపిల్లాణ్ణి కూర్చోబెట్టినట్టు పెట్టుకుని కూకట్‌పల్లి దాకా వెళ్ళాడు. అంతకుముందు ఇంటి నుంచి పని అంటే జ్వరమొచ్చినప్పుడో ప్లంబర్ వస్తానన్నప్పుడో మేనేజర్ దయతలిచి ఇచ్చే ఒక పూట, అంతే.

బయట దేశాల్లో ఇది పాత గొడవే. టెలికమ్యూటింగ్ అనే మాట జాక్ నైల్స్ అనే ఆయన 1973లోనే పుట్టించారు. 2013లో యాహూ ఇంటి నుంచి పని ఆపేసింది, 2017లో ఐబీఎం చాలామందిని ఆఫీసులకి వెనక్కి పిలిచింది. మన దగ్గర కొత్తగా అనిపించడానికి కారణం, అప్పటిదాకా రూల్సే అడ్డంగా ఉండేవి. బీపీవోలకి (కాల్ సెంటర్లలాంటి వాటికి) టెలికం శాఖ పెట్టిన షరతులు 2020 నవంబరు 5న సడలించాకే ఇంటి నుంచి పని చేయించడం వాళ్ళకి తేలికైంది.

ఆ ఊపులో పెద్ద కంపెనీలు పెద్ద మాటలే చెప్పాయి. 2025 నాటికి ఏ సమయంలోనైనా 25 శాతం మంది ఆఫీసులో ఉంటే చాలని టీసీఎస్ ప్రకటించింది, గుర్తుందా? అదే టీసీఎస్ 2023 అక్టోబరుకల్లా అయిదు రోజులూ రమ్మంది. విప్రో అదే ఏడాది నవంబరు నుంచి మూడు రోజులంది. ఇన్ఫోసిస్ కొన్ని స్థాయుల వాళ్ళని నెలకి పది రోజులు రమ్మంది. అమెజాన్ 2025 జనవరి 2 నుంచి అయిదు రోజులంది. నాకు అన్నిటికన్నా నవ్వొచ్చింది జూమ్ విషయంలో, ప్రపంచానికంతటికీ వీడియో కాల్స్ అమ్ముకునే కంపెనీ 2023 ఆగస్టులో, ఆఫీసుకి 50 మైళ్ళ లోపల ఉండే మా ఉద్యోగులు వారానికి రెండు రోజులు రావాల్సిందేనని చెప్పింది.

ఈ ఆర్టీవో, హైబ్రిడ్ అంటే ఏంటి?

రిటర్న్ టు ఆఫీస్‌కి పొట్టి పేరు ఆర్టీవో. మా మామగారికి ఈ మాట చెప్తే "ఏ బండి పట్టుకున్నారమ్మా" అన్నారు. హైబ్రిడ్ అంటే కొన్ని రోజులు ఆఫీసులో, కొన్ని రోజులు ఇంట్లో. ఆ కొన్ని ఎన్ని, ఏ రోజులు, ఎవరు నిర్ణయిస్తారు అన్నదే అసలు గొడవ.

ఇంట్లో కూర్చుంటే పని తగ్గుతుందా, నిజం చెప్పండి?

మా మేనేజర్ తగ్గుతుందంటారు, మా టీమ్ పెరుగుతుందంటుంది, ఇద్దరి దగ్గరా లెక్క లేదు. లెక్క కట్టినవాళ్ళలో స్టాన్‌ఫర్డ్ ప్రొఫెసర్ నికొలస్ బ్లూమ్ పేరు ముందు చెప్పుకోవాలి. 2010-11లో చైనాలో సీట్రిప్ అనే ట్రావెల్ కంపెనీ కాల్ సెంటర్‌లో ఆయన బృందం తొమ్మిది నెలలు పరీక్ష పెట్టింది. ఇంటి నుంచి చేసినవాళ్ళ పని 13 శాతం పెరిగింది, ఉద్యోగం మానేసేవాళ్ళు సగానికి తగ్గారు. ఇది మాత్రం అందరూ వాట్సాప్‌లో పంచుకుంటారు. దాని వెనక భాగం ఎవరూ పంచుకోరు: పరీక్ష అయ్యాక ఇంటి నుంచే చెయ్యొచ్చని అంటే దాదాపు సగం మంది ఆఫీసుకే వస్తామన్నారు, ఇంట్లో ఒంటరిగా అనిపించిందట. పైగా పని బాగా చేసినా ప్రమోషన్ల దగ్గర వెనకబడ్డారు.

అదే కంపెనీలో తరవాత 1,612 మంది మీద ఇంకోటి చేశారు, 2024లో నేచర్ పత్రికలో వచ్చింది. ఈసారి వారానికి రెండు రోజులు మాత్రమే ఇల్లు. పనిలోగానీ ప్రమోషన్లలోగానీ తేడా లేదు, మానేసేవాళ్ళు మూడో వంతు తగ్గారు. మొదట్లో పని తగ్గుతుందని అనుకున్న మేనేజర్లు చివరికి మనసు మార్చుకున్నారు.

నాకు అర్థమైంది ఇది: పూర్తిగా ఇల్లు, పూర్తిగా ఆఫీసు అనే రెండు కొసల మధ్యలో రెండు మూడు రోజుల దగ్గర ఎవరికీ పెద్దగా నష్టం లేదు. అలాంటప్పుడు ఇక మిగిలేది పని గురించిన తగువు కాదు. రోడ్డు మీద పోయే మూడు గంటలు ఎవరి ఖాతాలో పడాలన్న తగువు.

ఆ మూడు గంటలేంటి?

నిజాంపేట నుంచి నానక్‌రాంగూడ. పొద్దున్న గంటా పావు, సాయంత్రం గంటన్నర పైన. మెట్రో ఎక్కొచ్చు కదా అంటారు. జేఎన్‌టీయూలో ఎక్కి అటు అమీర్‌పేట దాకా వెళ్ళి, అక్కడ లైను మారి, మళ్ళీ ఇటు రాయదుర్గం దాకా రావాలి. ముక్కు ఎక్కడుందంటే తల చుట్టూ తిప్పి చూపించినట్టు. రాయదుర్గంలో లైను అయిపోతుంది, అక్కడి నుంచి ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌కి షేర్ ఆటోనో క్యాబో. నెలకి 12 రోజులు, రోజుకి మూడు గంటలు, 36 గంటలు. ఎనిమిది గంటల పనిదినాలైతే నాలుగున్నర. దీనికి జీతం లేదు, టైమ్‌షీట్‌లో గడి కూడా లేదు.

మరి కంపెనీలు ఎందుకంత పట్టుబడుతున్నాయి?

ఒకటే కారణం చెప్పేవాళ్ళని నమ్మకండి, అటువైపు వాళ్ళయినా ఇటువైపు వాళ్ళయినా. కొత్తగా చేరినవాళ్ళు నేర్చుకోవట్లేదన్నది నిజమైన కారణం, దాని గురించి కింద విడిగా రాశాను. బ్యాంకు ప్రాజెక్టులు, ఇన్సూరెన్స్ ప్రాజెక్టుల్లో కస్టమర్ల వివరాలు తెర మీద కనిపిస్తాయి కాబట్టి క్లయింటే ఆఫీసులోనే చేయించమంటాడు, అదీ నిజమే. పదేళ్ళ లీజుకి తీసుకున్న అంతస్తులు ఖాళీగా ఉంటే బోర్డులో అడుగుతారు, ఇది ఎవరూ మెయిల్లో రాయరు. ఇంకోటి, రమ్మంటే కొందరు వాళ్ళంతట వాళ్ళే పేపర్లు పెట్టేస్తారు, తీసేసే పని తప్పుతుంది. ఇది ప్రతి కంపెనీలోనూ జరుగుతోందని అనను, జరగట్లేదనీ అనను.

ఇవన్నీ కాక కొందరు మేనేజర్లకి మనిషి కళ్ళ ముందుంటే తప్ప మనసు కుదుటపడదు. కుర్చీ వెనక కోటు వేలాడుతుంటే పని జరుగుతున్నట్టే. మూడు కంపెనీల్లో చేశాను, మూడింట్లోనూ అలాంటివాళ్ళు తగిలారు.

మా ఆఫీసు సెజ్‌లో ఉందంటున్నారు, దానికీ దీనికీ సంబంధం ఏంటి?

ఉంది. సెజ్ అంటే ప్రత్యేక ఆర్థిక మండలి. అందులో ఉన్న యూనిట్లకి పన్నుల్లో రాయితీలు ఉంటాయి, బదులుగా పని ఆ కంచె లోపలే జరగాలన్నది లెక్క. లాప్‌టాప్ గేటు దాటాలన్నా రూలు ఉంటుంది. 2022 జూలైలో వాణిజ్య శాఖ సెజ్ రూల్స్‌లో 43ఏ అని ఒకటి చేర్చి, సగం మందికి ఏడాది వరకు ఇంటి నుంచి పనికి అనుమతించింది. ఆ డిసెంబరులో దాన్ని అందరికీ వర్తింపజేసి 2023 డిసెంబరు 31 దాకా ఇచ్చింది, తరవాత దాన్ని 2024 డిసెంబరు 31 దాకా పొడిగించింది. హెచ్‌ఆర్ వాళ్ళు "గవర్నమెంట్ రూల్" అన్నప్పుడు ఇందులో కొంత నిజం ఉంటుంది. అయితే మీ బిల్డింగ్ సెజ్‌లో లేకపోయినా అదే మాట చెప్తున్నారేమో ఒకసారి చూసుకోండి.

నేను ఫ్రెషర్‌ని. నాకు వర్క్ ఫ్రమ్ హోమ్ ఇస్తామంటున్నారు, తీసుకోనా?

వద్దు నాన్నా. మొదటి ఏడాదిన్నర ఆఫీసుకే వెళ్ళు, బంగారంలాంటి అవకాశం అనుకుని ఇంట్లో కూర్చోకు.

2021లో మా టీమ్‌లోకి ఒక అమ్మాయి చేరింది. లాప్‌టాప్ కొరియర్‌లో వెళ్ళింది, నేను తన ముఖం చూసింది పద్నాలుగు నెలల తరవాత. తనకి ఒక చిన్న స్క్రిప్టు (టెస్టులు నడిపే చిన్న ప్రోగ్రాం) ఆగిపోయింది. పక్కన ఉంటే "ఇదేంటి ఇలా ఎర్రగా వస్తోంది" అనేది, నేను తల తిప్పి చూసి, ఫైల్ ఎక్కడుందో తప్పిచ్చావని చెప్పేదాన్ని, అర నిమిషం. తను ఏం చేసిందంటే, చాట్‌లో "హాయ్ మేడమ్" అని పెట్టి, నా పేరు పక్కన బిజీ అని ఎర్ర చుక్క ఉందని ఆగి, అది పచ్చబడితే మళ్ళీ అడుగుదామని కూర్చుని, పచ్చబడే సరికి తను భోజనానికి లేచి, మర్నాడు టీమ్ అంతా రోజూ కలిసే స్టాండప్ కాల్‌లో "ఇన్ ప్రోగ్రెస్" అంది. రెండో రోజూ ఇన్ ప్రోగ్రెస్. మూడో రోజు నేనే ఫోన్ చేసి అడిగితే ఏడ్చేసింది. తప్పు తనదీ కాదు, నాదీ కాదు అని అప్పుడు సర్దిచెప్పుకున్నాను గానీ, నాదే. సీనియర్ని కదా, ముందే ఫోన్ చేయాల్సింది.

దీని మీద నటాలియా ఇమాన్యుయెల్, ఎమ్మా హారింగ్టన్, అమండా పాలే అనే ముగ్గురు ఆర్థికవేత్తలు ఒక పెద్ద అమెరికన్ కంపెనీ ఇంజనీర్లని పరిశీలించారు. టీమ్‌తో ఒకే బిల్డింగ్‌లో కూర్చున్నవాళ్ళకి కోడ్ మీద సలహాలు ఎక్కువ వచ్చాయి, ఆ లాభం ఎక్కువగా కొత్తవాళ్ళకీ ఆడవాళ్ళకీ అందింది. అదే సమయంలో పక్కన కూర్చున్న సీనియర్ల సొంత పని తగ్గింది. అంటే మీరు నేర్చుకునే ఖర్చు మా నెత్తిన పడుతుంది. పడనివ్వండి, మేమూ అలాగే ఎవరో ఒకరి నెత్తిన పడి నేర్చుకున్నాం.

ఆఫీసుకెళ్ళినా రోజంతా కాల్స్‌లోనే ఉంటున్నాను, ఇక వెళ్ళడం ఎందుకు?

ఈ ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు, మీతో కలిసి తిట్టడం తప్ప. మా టీమ్‌లో ఇద్దరు పుణేలో, ఒకరు చెన్నైలో, క్లయింట్ అమెరికాలో. నేను గంటన్నర ప్రయాణం చేసి, యాప్‌లో డెస్క్ బుక్ చేసుకుని (అదీ మా టీమ్ ఉన్న అంతస్తులో దొరకదు), ఎవరో తెలియని మార్కెటింగ్ వాళ్ళ మధ్య కూర్చుని, హెడ్‌సెట్ పెట్టుకుని పుణేతో మాట్లాడతాను. పక్కవాళ్ళు నా వైపు కొరకొరా చూస్తారు, గట్టిగా మాట్లాడుతున్నానని. ఇంట్లో అయితే కనీసం తలుపు వేసుకునేదాన్ని.

హైదరాబాద్‌లో ఉన్న మేం నలుగురం ఒకే రోజు రావాలని మా లీడ్‌ని పట్టుకుని మంగళ, బుధ, గురువారాలు ఖాయం చేయించాక కాస్త నయం. మీరు ఏమీ సాధించలేకపోయినా ఇది ఒక్కటి సాధించండి. టీమ్ అంతా ఒకే రోజు వస్తేనే ఆఫీసుకి అర్థం. ఎవరి వీలు బట్టి వాళ్ళు వస్తే అది ఆఫీసు కాదు, రైల్వే వెయిటింగ్ హాల్.

స్వైప్ ఒకటి కొట్టి కాఫీ తాగి వచ్చేస్తే సరిపోతుందా?

కొన్నాళ్ళు సరిపోయింది. దానికి కాఫీ బ్యాడ్జింగ్ అని పేరు కూడా పెట్టారు. ఇప్పుడు చాలాచోట్ల లోపలికి వెళ్ళిన టైము, బయటికి వచ్చిన టైము రెండూ చూస్తున్నారు, ఆఫీసు వైఫైకి లాప్‌టాప్ ఎంతసేపు తగులుకుని ఉందో కూడా. డబ్బుతో ముడిపెట్టిన సంగతి తెలిసిందే: 2024లో టీసీఎస్ హాజరుని వేరియబుల్ పేకి (జీతంలో మారుతూ ఉండే భాగానికి) కలిపింది, 60 శాతం కన్నా తక్కువ వస్తే ఆ మూడు నెలల వేరియబుల్ సున్నా, 85 దాటితేనే పూర్తిగా.

ఫ్రెండ్ కార్డు మీరు, మీ కార్డు ఫ్రెండ్ కొట్టే పని మాత్రం చేయకండి. అది క్రమశిక్షణ తప్పడం కింద కాదు, మోసం కింద రాస్తారు, రిలీవింగ్ లెటర్ దగ్గర ఏడుస్తారు. మౌస్ దానంతట అది కదిలే బుల్లి యంత్రాలు ఆన్‌లైన్లో దొరుకుతాయని ఒక తమ్ముడు అడిగాడు. అమెరికాలో వెల్స్ ఫార్గో బ్యాంకు 2024లో కీబోర్డు పని చేస్తున్నట్టు నటించారని డజను మందికి పైగా తీసేసింది. తెలివి మీ ఒక్కరికే ఉందనుకోకండి.

ఊళ్ళో ఉండి చేస్తే డబ్బు బాగా మిగులుతుందా?

మిగులుతుంది, మీరనుకున్నంత కాదు. నా లెక్క చెప్తాను. అద్దె 17 వేలు, క్యాబులు, బయట తిండి పోయాయి. వచ్చినవి: రెండు బ్యాటరీల ఇన్వర్టర్, రెండు నెట్ కనెక్షన్లు (ఒకటి పోతే ఇంకోటి), ఎండాకాలం పగలంతా ఏసీ, ఒక మంచి కుర్చీ. కుర్చీ మొదట కొనలేదు. ఫంక్షన్ హాల్ వాళ్ళ దగ్గర తెచ్చిన ప్లాస్టిక్ కుర్చీలో, భోజనాల బల్ల మీద ఆరు నెలలు చేసి నడుం పట్టేస్తే అప్పుడు కొన్నాను. డాక్టర్ ఫీజు కుర్చీ ధరకి దగ్గర్లోనే అయింది.

లెక్కలో రాని ఖర్చు ఇంకోటి ఉంది. ఊళ్ళో ఉన్నారంటే మీరు ఖాళీగా ఉన్నట్టే. గృహప్రవేశాలు, ఒడుగులు, కాలేజీ అడ్మిషన్లు, పక్కింటి వాళ్ళ ఫోన్లో ఆధార్ అప్‌డేట్. "అమ్మాయి ఇంట్లోనే ఉందిగా" అనేది మా వీధిలో సామెత అయిపోయింది. ఒకసారి క్లయింట్‌కి డెమో ఇస్తుంటే పెరట్లో కోడి ఎగిరి కిటికీ మీద వాలి అరిచింది. ఆయన "ఈజ్ దట్ ఎ రూస్టర్?" అని తెగ సంబరపడిపోయి పది నిమిషాలు దాని గురించే అడిగాడు. ఆ డెమోలో రెండు బగ్గులు ఆయనకి కనపడలేదు, ఆ కోడికి నేను రుణపడి ఉన్నాను.

కానీ ఒకటి చెప్పాలి. ఆ రెండేళ్ళలో మా ఊళ్ళో నాలాంటివాళ్ళు పదిహేను మంది దాకా ఉండేవాళ్ళు. మా జీతం అక్కడి కిరాణా కొట్లో, పాలవాడి దగ్గర, కరెంటు పనివాడి దగ్గర ఖర్చయింది. సెంటర్లో ఒకాయన మేడ మీద నాలుగు బల్లలు వేసి, జెనరేటర్ పెట్టి, నెలకింత అని అద్దెకిచ్చాడు. మేమంతా వెళ్ళిపోయాక అక్కడ టైలరింగ్ క్లాసులు పెట్టాడు. మేం ఊళ్ళో ఉన్నప్పుడేమో హైదరాబాద్‌లో అమీర్‌పేట, మాదాపూర్ హాస్టళ్ళకి టులెట్ బోర్డులు వేలాడాయి, కర్రీ పాయింట్లు మూతపడ్డాయి, క్యాబ్ వాళ్ళు కిస్తీలు కట్టలేకపోయారు. ఇప్పుడు హైదరాబాద్‌లో మళ్ళీ కళకళలాడుతోంది, మా ఊళ్ళో మేడ మీద కుట్టుమిషన్లు. నేను తిరిగొచ్చినప్పుడు అదే నిజాంపేటలో అలాంటి ఫ్లాటే 26 వేలు చెప్పారు.

మరి ఊళ్ళకే ఆఫీసులు తెస్తామంటున్నారు కదా?

అంటున్నారు. ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు 2025 ఫిబ్రవరిలో, ముఖ్యంగా ఆడవాళ్ళ కోసం ఇంటి నుంచి పనిని పెద్ద ఎత్తున తెస్తామని, ఊళ్ళలో కలిసి కూర్చుని పని చేసుకునే చోట్లు కట్టేలా కొత్త ఐటీ విధానం ఉంటుందని చెప్పారు. ఆలోచన నాకు నచ్చింది. బల్లలు, నెట్ ఏర్పాటు చేయడం తేలికే, ఎటొచ్చీ మా మేనేజర్ ఒప్పుకోవాలిగా. ఆఫీసుకి రమ్మనేది ప్రభుత్వం కాదు, కంపెనీ. తణుకులో గాజు మేడ కట్టినా నా బేస్ లొకేషన్ హైదరాబాద్ అని ఉన్నంత కాలం నేను గౌతమి ఎక్కి లింగంపల్లిలో దిగాల్సిందే.

చట్టప్రకారం నాకు ఇంటి నుంచి చేసే హక్కు ఉందా?

మామూలుగా అయితే లేదు. అపాయింట్‌మెంట్ లెటర్ తీసి చదవండి, "కంపెనీ అవసరాన్ని బట్టి ఎక్కడికైనా" అనే వాక్యం దాదాపు అందరి లెటర్లలో ఉంటుంది. మీకు పర్మనెంట్ రిమోట్ అని చెప్పి తీసుకుని ఉంటే ఆ మాట ఆఫర్ లెటర్‌లో ఉందో, రిక్రూటర్ ఫోన్లో చెప్పిందో చూడండి. ఫోన్లో చెప్పింది గాలికి పోతుంది.

బాలింతలకి మాత్రం ఒక చిన్న దారి ఉంది. 2017లో సవరించిన ప్రసూతి ప్రయోజన చట్టం 26 వారాల సెలవు ఇవ్వడమే కాక, పని ఇంటి నుంచి చేయగలిగేదైతే సెలవు తరవాత కొంతకాలం కంపెనీ, ఉద్యోగి మాట్లాడుకుని అలా చేయించుకోవచ్చని చెప్పింది. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన సామాజిక భద్రత కోడ్‌లోనూ ఆ మాట ఉంది. గమనించండి, "ఇవ్వొచ్చు" అని ఉంది, "ఇవ్వాలి" అని లేదు. అదే 50 మంది గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఉన్న చోట పిల్లల్ని చూసుకునే క్రెష్ ఏర్పాటు మాత్రం తప్పనిసరి. వర్క్ ఫ్రమ్ హోమ్ కుదరదని హెచ్‌ఆర్ చెప్తే వెంటనే "సరే మేడమ్, క్రెష్ ఎక్కడ?" అని మెయిల్ పెట్టండి. మా స్నేహితురాలు పెట్టింది, రెండు వారాల్లో ఆర్నెల్ల హైబ్రిడ్ ఇచ్చారు.

ఆడవాళ్ళకి ఇంటి నుంచి పని వరమేనా?

సగం వరం. మా పాప పుట్టాక అది లేకపోతే ఉద్యోగం మానేసేదాన్ని, అందులో అనుమానం లేదు. కానీ మా ఆయనా నేనూ ఇద్దరం ఇంట్లోనే, ఇద్దరికీ కాల్సే ఉన్నప్పుడు కుక్కర్ విజిల్స్ లెక్కపెట్టింది నేనే. తలుపు కొడితే లేచింది నేనే. ఆయన గదిలో కాల్‌లో ఉంటే "బాబు మీటింగ్‌లో ఉన్నాడు, సద్దు చేయకండి" అనే అత్తయ్య, నేను కాల్‌లో ఉంటే సైగలతో పోపుల డబ్బా ఎక్కడుందని అడిగేవారు. చెడ్డావిడేం కాదు, పోపుల డబ్బా నిజంగానే కనపడలేదు. ఇప్పుడు ఆఫీసుకెళ్ళే మూడు రోజులూ ఆయన కూరలు తరుగుతారు. ఆఫీసు వల్ల నాకు కలిగిన లాభాల్లో దీన్నే మొదట రాసుకున్నాను.

ఊళ్ళో మా ఇంట్లోనే ఉంటూ హెచ్‌ఆర్‌ఏ (ఇంటి అద్దె భత్యం) మీద పన్ను మినహాయింపు క్లెయిమ్ చెయ్యొచ్చా?

కొత్త పన్ను విధానంలో ఉంటే ఆ మినహాయింపే లేదు, వదిలేయండి. పాతదాంట్లో ఉంటే నిజంగా అద్దె కట్టాలి. ఇల్లు అమ్మానాన్నల పేరున ఉండి, మీరు బ్యాంకు ద్వారా పంపి, వాళ్ళు దాన్ని ఆదాయంగా చూపిస్తే చెల్లుతుంది. ఏడాదికి లక్ష దాటితే వాళ్ళ పాన్ ఇవ్వాలి. దొంగ రసీదులు వద్దు.

ఇంట్లో ఉంటే ఇంకో ఉద్యోగం కూడా చేసుకోవచ్చు కదా?

విప్రో 2022లో 300 మందిని తీసేసింది ఇందుకే. రెండో కంపెనీలో పీఎఫ్ పడిందంటే మొదటివాళ్ళకి తెలియడానికి ఎంతో సేపు పట్టదు. అసలు ఈ రెండో ఉద్యోగాల వాళ్ళ వల్లే మిగతావాళ్ళని అనుమానంగా చూస్తున్నారు, నాకు ఆ కోపం ఉంది.

నేను అమెరికాలో హెచ్‌-1బీ మీద ఉన్నాను. ఆఫీసుకి దూరంగా ఇంకో ఊరు మారి ఇంటి నుంచి చెయ్యొచ్చా? ఇండియా వచ్చి రెండు నెలలు చెయ్యొచ్చా?

ఒక్కొక్కటిగా. అదే మెట్రో ప్రాంతంలో ఇల్లు మారితే పెద్ద ఇబ్బంది లేదు. అది దాటితే మీ కంపెనీ ముందు సవరణ పిటిషన్ వేయాలి, 2015లో అమెరికా ఇమిగ్రేషన్ వాళ్ళు సిమియో అనే కంపెనీ కేసులో ఇచ్చిన నిర్ణయం నుంచి ఇది స్పష్టంగా ఉంది. డాలస్ పిటిషన్ మీద ఉండి చడీచప్పుడు లేకుండా అట్లాంటాలో బావగారింట్లో కూర్చుని పని చేయడం ప్రమాదం. ఇక ఇండియా నుంచి అంటే, వీసా కన్నా ముందు కంపెనీ డేటా రూల్సు, పన్నులు అడ్డం వస్తాయి. ఇక్కడ కూర్చుని చేసిన పనికి ఇక్కడి పన్ను ప్రశ్న లేస్తుంది, ఏడాదిలో 182 రోజులు ఉంటే రెసిడెంట్ అయిపోతారు. హెచ్‌ఆర్ నుంచి రాతపూర్వకంగా అనుమతి లేకుండా లాప్‌టాప్ విమానం ఎక్కించకండి.

సంబంధం చూస్తున్నాం. అబ్బాయికి వర్క్ ఫ్రమ్ హోమ్ అట, మంచిదేనా?

2021లో ఇది అబ్బాయికి అదనపు అర్హత. ఇప్పుడు "కంపెనీలో ఏదైనా తేడానా" అని అడుగుతున్నారు. అబ్బాయి ఎలాంటివాడో కనుక్కోండి బాబాయ్ గారూ, ఎక్కడ కూర్చుంటాడో కాదు.

వాన పడితే?

2023 జూలై వానల్లో సైబరాబాద్ పోలీసులు, ఐటీ వాళ్ళంతా ఒక్కసారే రోడ్డెక్కకుండా విడతలవారీగా లాగౌట్ అవ్వమని ఏరియాలవారీగా టైములు ఇచ్చారు. పోలీసులే ఇంటి నుంచి చేసుకోండయ్యా అంటుంటే కంపెనీ మెయిల్ సాయంత్రం నాలుగింటికి వస్తుంది, అప్పటికే ఐకియా దగ్గర బండ్లు ఆగిపోయి ఉంటాయి. పొద్దున్నే మబ్బు చూసి మీ నిర్ణయం మీరు తీసుకోండి, లీడ్‌కి ఎనిమిదిలోపు మెసేజ్ పెట్టండి.

మేనేజర్‌ని ఎలా అడగాలి?

"మా అమ్మకి బాగోలేదు" అని మొదలుపెట్టకండి, నిజమైనా సరే. సానుభూతి రెండు వారాలకి మించి నిలవదు. పని లెక్కతో వెళ్ళండి: ఇంటి నుంచి చేసిన నెలలో ఎన్ని టికెట్లు (మీకు అప్పగించిన పనులు) పూర్తి చేశారు, ఆఫీసు నెలలో ఎన్ని, రాత్రి రిలీజులు ఎన్ని ఇంటి నుంచి లాగారు. మూడు నెలలకి మాత్రమే అడగండి, శాశ్వతంగా అని అడిగితే ఆయన తనపైవాళ్ళని అడగాలి, అడగరు. నోటితో ఒప్పుకుంటే, "మనం మాట్లాడుకున్న ప్రకారం" అని రెండు లైన్ల మెయిల్ పెట్టి ఉంచండి. మేనేజర్లు మారిపోతారు, మెయిల్ ఉంటుంది.

ఇంతకీ మీరు ఏ పక్షం?

టీమ్ అంతా కలిసి రెండు రోజులు ఆఫీసు, మిగతాది ఎవరింట్లో వాళ్ళు. కొత్తవాళ్ళకి ఇంకాస్త ఎక్కువ, వాళ్ళకి నేర్పే సీనియర్‌కి ఆ గంటలు రేటింగ్‌లో లెక్కలోకి రావాలి. స్వైప్‌కి జీతం ముడిపెడితే నాకు ఒళ్ళు మండుతుంది, అలాగే ఒక్కసారీ ముఖం చూపించకుండా మూడేళ్ళు లాగేవాళ్ళని చూసినా మండుతుంది. ఇలా ఉంటే ఇరువైపులా తిట్టించుకోవడమే.

చాలా రోజుల తరవాత వెళ్తున్నాను, ఏమేం పట్టుకెళ్ళాలి?

ఛార్జర్, హెడ్‌సెట్, నీళ్ళ సీసా. ఎండాకాలమైనా స్వెట్టర్, ఆ ఏసీ ఎవరి కోసం వేస్తారో ఇప్పటికీ తెలియదు. పార్కింగ్ స్లాట్ ముందురోజే బుక్ చేసుకోండి. ఐడీ కార్డు ఇంట్లో మర్చిపోతే రిసెప్షన్‌లో ఒకరోజు పాస్ ఇస్తారు, గేటు తెరుచుకుంటుంది కూడా, కానీ చాలాచోట్ల ఆ పాస్ హాజరు లెక్కలోకి ఎక్కదు. సాయంత్రం వచ్చేముందు అడ్మిన్ వాళ్ళ చేత మెయిల్ పెట్టించుకోండి. నాకు అలాగే ఒక రోజు పోయింది, ఆ నెల 11 స్వైప్‌లు అని ఎర్ర రంగులో వచ్చింది, ఆ పన్నెండో రోజు నేను ఆఫీసులో రాత్రి ఎనిమిది దాకా ఉన్నాను.